పసుపు గొట్టం మీద అంత భరోసా ఎందుకు?

స్కూబా డైవింగ్ నేర్చుకుని, అద్దె సామాన్లతో విసిగి, సొంతానికి ఒక సెట్టు కొనుక్కుందామని దుకాణానికి వెళ్లినవాళ్లకి తప్పకుండా వినబడే సలహా ఒకటుంది. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ మాత్రం మంచిది తీసుకోండి, ఆక్టోపస్ ఏదైనా పరవాలేదు, దాన్ని వాడే రోజు రాదు అని. ఇది అమ్మేవాళ్లు మాత్రమే చెప్పే మాట కాదు. నేర్పేవాళ్లూ, ఏళ్ల తరబడి మునుగుతున్నవాళ్లూ ఇదే చెబుతారు. ముక్కలు ముక్కలుగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది. మొత్తం కలిపి చూస్తే దాని అర్థం వేరు: గాలి అయిపోయి మనవైపు ఈదుకొచ్చే మనిషికి మన దగ్గరున్న రెండింటిలో నాసిరకంది ఇవ్వండి, ఆ రోజు నీళ్లలోకి దిగాక ఎవరూ పీల్చి చూడనిది ఇవ్వండి, ఎక్కడ వేలాడుతోందో తడుముకుంటే తప్ప దొరకనిది ఇవ్వండి. దీన్ని నేను ఒప్పుకోను. నోట్లో ఉన్నదాన్నే తీసి ఇచ్చేసి, గడ్డం కింద కట్టుకున్న రెండోదాన్ని మనం అందుకునే పద్ధతే సరైనది. గుహల్లో దూరే సాహసికులకే కాదు, సెలవుల్లో పగడపు దిబ్బలు చూడ్డానికి వెళ్లే మామూలు డైవర్లకి కూడా.

సామాను గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. సిలిండర్‌లో గాలి 200 బార్ ఒత్తిడి దగ్గర ఉంటుంది. సిలిండర్ తలకి బిగించే ఫస్ట్ స్టేజ్ ఆ ఒత్తిడిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికంటే ఓ తొమ్మిది పది బార్ ఎక్కువ ఉండేంతవరకు దించుతుంది. అక్కడినుంచి గొట్టం ద్వారా నోటిదాకా వచ్చే సెకండ్ స్టేజ్ మనం పీల్చినప్పుడల్లా కావలసినంత గాలి వదులుతుంది. అదే ఫస్ట్ స్టేజ్‌కి ఇంకో గొట్టం, ఇంకో సెకండ్ స్టేజ్ తగిలిస్తే ఆక్టోపస్. సాధారణంగా పసుపు రంగులో, మీటరుకి కాస్త అటూ ఇటూ పొడవుండే గొట్టంతో, గడ్డానికీ పక్కటెముకల కింది అంచులకీ మధ్యన ఊహించుకునే త్రికోణంలో ఎక్కడో ఒకచోట క్లిప్పుకి తగిలించి ఉంటుంది. జతగా మునిగే బడ్డీకి గాలి అయిపోతే అతడు వచ్చి దాన్ని తీసుకుంటాడు, లేదా మనం తీసి ఇస్తాం. నోట్లో ఉన్నది కదలదు. డైవింగ్ బళ్లలో చెప్పేది ఇదే.

ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో చూస్తే దాని బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. కూస్తో, ఎమిల్ గాన్యాఁ 1943లో ఆక్వాలంగ్ తయారు చేశాక చాలాకాలం ఒక డైవర్‌కి ఒకటే నోటిముక్క. ఇద్దరు పంచుకోవాలంటే నువ్వు రెండు ఊపిర్లు, నేను రెండు ఊపిర్లు అంటూ ఇచ్చిపుచ్చుకోవాలి. ఈత కొలనులో ఇది ముచ్చటగానే ఉంటుంది. లోతులో, భయంలో, రెండు ఊపిర్ల తర్వాత తిరిగి ఇవ్వాలన్న మర్యాద ఎవరికీ గుర్తుండదు. 1960ల నడుమ బహామాస్‌లోని యునెక్సో అనే డైవింగ్ సంస్థలో, జాక్ మయోల్ ఊపిరి బిగబట్టి లోతుకి దిగే ప్రయత్నాలకి కాపలాగా ఉండే డైవర్లు రెండేసి సెకండ్ స్టేజ్‌లు పెట్టుకోవడం మొదలుపెట్టారనీ, ఆ ఆలోచన డేవ్ వుడ్‌వర్డ్‌దనీ చెబుతారు. అక్కడి పరిస్థితి గమనించండి. సాయం పొందబోయే మనిషి నీళ్లలో ఆరితేరినవాడు. సాయం చేసేవాడు ముందే చెప్పిన చోట, ముందే చెప్పిన లోతులో, అదే పనిమీద కాచుకుని ఉన్నాడు. అలాంటి చోట రెండో నోటిముక్క పక్కన వేలాడితే ఇబ్బందేమీ లేదు. మన సెలవుల డైవింగ్‌లో ఇందులో ఏ ఒక్కటీ ఉండదు.

మరి రెండో రెగ్యులేటర్ ఎవరికోసం? చాలామంది, నా రెగ్యులేటర్ చెడిపోతే నాకోసం అనుకుంటారు. ఈ పొరపాటు దగ్గరే మిగతావన్నీ మొదలవుతాయి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 సరదా డైవింగ్ మరణాలని పరిశీలించి 2008లో ప్రచురించారు. ప్రమాదానికి తొలి కారణం తేల్చగలిగిన వాటిలో 41 శాతం గాలి చాలకపోవడం. సామాను ఇబ్బందులన్నీ కలిపి 15 శాతం. నేటి రెగ్యులేటర్ మూసుకుపోయి గాలి ఆపేయడం చాలా అరుదు. అందులోని వాల్వు గాలి ఒత్తిడికి తెరుచుకునే వైపు ఉంటుంది కాబట్టి, చెడిపోయినా గాలి ఆగకుండా పొర్లిపోతుంది తప్ప బిగుసుకుపోదు. ఫస్ట్ స్టేజ్‌లో సీటు అరిగినా కథ అంతే: మధ్య గొట్టాల్లో ఒత్తిడి పెరిగి సెకండ్ స్టేజ్ ధారగా కారుతుంది. అప్పుడు అదే ఫస్ట్ స్టేజ్ మీదున్న ఆక్టోపస్ మనల్ని కాపాడదు. ఖాళీ అయిపోతున్న సిలిండర్ రెండింటికీ ఒకటే కదా!

కాబట్టి ఆ రెండో గొట్టం ప్రధానంగా గాలి అయిపోయిన ఇంకొకరి కోసం. అలాంటప్పుడు, ఆ ఇంకొకరు ఎలా వస్తారు అన్నదే సామాను ఎంపికలో మొదటి ప్రశ్న కావాలి. బళ్లలో చేయించే అభ్యాసంలో అతడు ఎదురుగా వచ్చి, గొంతు దగ్గర అరచేతిని అడ్డంగా ఆడించి, గాలి లేదని సైగ చేసి, మనం తలూపేదాకా ఆగి, త్రికోణంలో ఉన్న పసుపు ముక్కని అందుకుని, నీరు పోయేలా బొత్తాం నొక్కి, ప్రశాంతంగా పీలుస్తాడు. అభ్యాసంలో అతడి ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది మరి. నిజంగా అయిపోయినవాడు ఆఖరి ఊపిరి వదిలేశాక గాని సంగతి తెలుసుకోడు. పీల్చాడు, రాలేదు, మళ్లీ పీల్చాడు, రాలేదు. అప్పుడు తిరిగి చూస్తాడు. ఐదారు మీటర్ల దూరం ఊపిరి లేకుండా ఈదుకు రావాలి. మన దగ్గరికొచ్చేసరికి అతడి కళ్లకి కనిపించేది ఒకటే: బుడగలు వదులుతున్న నోరు. అక్కడ గాలి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అతడి చెయ్యి దానిమీదకే పోతుంది. రంగు చూసి, క్లిప్పు వెతికి, మర్యాదగా రెండోది అందుకుంటాడన్న ఆశ మీద కట్టిన ఏర్పాటు పునాదే వంకరగా ఉంది.

పసుపు రంగు దూరం నుంచి కనబడుతుందంటారు. నిజమే, నీటిలో ఎరుపు ముందు మాయమవుతుంది, పసుపు ఇంకొంత లోతుదాకా నిలుస్తుంది. అయితే అది కళ్లెదుట ఉండాలి. బోర్లా తిరిగి చేపని ఫొటో తీస్తున్న డైవర్ ఆక్టోపస్ ఎక్కడుంటుందో ఎప్పుడైనా చూశారా? క్లిప్పు నుంచి ఎప్పుడో ఊడి, తొడ పక్కనో వీపు వెనకో ఈడ్చుకుంటూ వస్తుంటుంది. ఇసుకలో దొర్లుతుంది. పగడాలకి తగులుతుంది, అది వేరే పాపం. నోటిముక్కలోకి ఇసుక చేరుతుంది. ఊపిరి వదిలే చోట ఉండే పల్చటి రబ్బరు పొర కింద ఒక్క ఇసుక రేణువు నిలిచినా, పీల్చినప్పుడు గాలితోపాటు నీరు వస్తుంది. భయంతో ఉన్న మనిషికి తొలి ఊపిరితో గొంతులోకి ఉప్పునీరు పోతే ఆ తర్వాత జరిగేదాన్ని ఏ శిక్షణా ఆపలేదు. దీనికి విరుగుడుగా క్లిప్పు గట్టిగా ఉండేది వాడమంటారు. క్లిప్పు గట్టిదైతే లాగినా రాదు. వదులైతే దానంతట అదే ఊడుతుంది. ఈ రెంటి నడుమ సరైన బిగువు కోసం ఎన్ని రకాల బంతులు, ఉచ్చులు, అయస్కాంతాలు అమ్ముతున్నారో చూస్తే చాలు, సమస్య ఎంత పాతదో, ఎంత తీరనిదో అర్థమవుతుంది.

ఇక ధర సంగతి. ఆక్టోపస్ చౌకదైతే ఏం, అన్న వాదం నాకు అన్నిటికంటే చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే అది సరిగ్గా తలకిందులుగా ఉంది. 30 మీటర్ల లోతులో గాలి ఉపరితలం కంటే నాలుగు రెట్లు చిక్కన. చిక్కనైన గాలిని లాగడానికి శ్రమ ఎక్కువ. బ్యాలెన్స్ లేని చౌక ఫస్ట్ స్టేజ్ అయితే సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ గొట్టాల్లో ఒత్తిడి కొంత తగ్గుతుంది, పీల్చడం ఇంకా బరువవుతుంది. దానికి తోడు, ఆక్టోపస్ వేలాడేటప్పుడు ఊరికే కారకుండా ఉండాలని మెకానిక్ కావాలనే దాని స్ప్రింగ్ కొంచెం బిగించి ఇస్తాడు. ఇప్పుడు కలిపి చూడండి. ఆక్టోపస్ అవసరం పడేది ఎప్పుడు? డైవ్ చివర్లో, సిలిండర్ తరిగాక, లోతులో ఉండగా, ఇద్దరు ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి ఒకేసారి లాగుతుండగా, అందులో ఒకరు రొప్పుతుండగా. అంటే రెగ్యులేటర్‌కి పెట్టగల అన్నిటికంటే కఠినమైన పరీక్ష. ఆ పరీక్షకి మనం కూర్చోబెడుతున్నది అన్నిటికంటే చౌకదాన్ని! యూరప్‌లో ఈఎన్ 250 ప్రమాణాన్ని 2014లో సవరించినప్పుడు, ఇద్దరు ఒకేసారి పీల్చే పరిస్థితికి విడిగా పరీక్ష పెట్టి, నెగ్గినవాటికి ‘ఏ’ అనే గుర్తు వెయ్యడం ఊరికే చేయలేదు. చల్లటి నీళ్లలో ఇది ఇంకా ముదురుతుంది. ఇద్దరి ఊపిరికి గాలి వేగంగా వ్యాకోచించి ఫస్ట్ స్టేజ్ గడ్డకట్టి, గాలి ఆగకుండా పొర్లడం మొదలవుతుంది. అందుకే యూరప్ చెరువుల్లో, పాత క్వారీల్లో మునిగేవాళ్లలో చాలామంది రెండు ఫస్ట్ స్టేజ్‌లు పెట్టుకుంటారు. మన వెచ్చటి సముద్రాల్లో ఆ గొడవ లేదు కాబట్టి దాన్ని వదిలేస్తాను.

నేను సమర్థించే అమరిక కొత్తదేమీ కాదు. ఫ్లోరిడాలో సున్నపురాతి గుహల్లోకి, నీటి కింద కిలోమీటర్ల కొద్దీ పోయే డైవర్లు 1970ల నుంచి దీన్ని నలిపి నలిపి తయారు చేశారు. గుహలో నేరుగా పైకి పోయే దారి లేదు. ఇరుకులో ఒకరి వెనక ఒకరు రావాలి. కాబట్టి ఇచ్చే గొట్టం పొడవు 2 మీటర్ల పైన ఉండాల్సి వచ్చింది. గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో రాసిన చిన్న పుస్తకం గుహల్లో జరిగిన మరణాలని ఒక్కొక్కటే విప్పి, వాటినుంచి నియమాలు తీసింది. ఆ తరం డైవర్లకి సామాను అమరిక అంటే అభిరుచి కాదు, ఎవరెలా చనిపోయారన్న లెక్క. విలియం హోగార్త్ మెయిన్ పేరు మీద నిలిచిన అమరికలో పొడవాటి గొట్టం నోట్లో ఉంటుంది, పొట్టి గొట్టానికున్న రెండో సెకండ్ స్టేజ్ రబ్బరు తాడుతో మెడలో హారంలా గడ్డం కింద వేలాడుతుంది. అడిగినవాడికి నోట్లోది. మనకి గడ్డం కిందది. అంతే. 1998లో జారోడ్ జబ్లాన్‌స్కీ మొదలుపెట్టిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ సంస్థ దీన్ని గుహలనుంచి బయటికి తెచ్చి మొదటి మెట్టు విద్యార్థులకి కూడా నేర్పుతోంది.

ఇందులో ఒడుపు చూడండి. అవతలివాడికి అందేది గత అరగంటగా పనిచేస్తూ ఉన్నది. దాంట్లో ఇసుక లేదు, నీరు లేదు, అది ఎక్కడుందో వెతకక్కర్లేదు. అతడు అడిగి తీసుకున్నా, అడక్కుండా లాక్కున్నా ఫలితం ఒకటే. లాక్కోవడం కూడా పథకంలో భాగమే కాబట్టి మనకి ఆశ్చర్యం ఉండదు. మనకి మిగిలేది గడ్డం కింద, చూడకుండా అందుకోగలిగే చోట, చెయ్యి లేకపోయినా తల వంచి పళ్లతో పట్టుకోగలిగే చోట ఉంది. ఇద్దరిలో కుదురుగా ఉన్నది మనమే కాబట్టి, రెగ్యులేటర్ మార్చుకునే కష్టం మనం తీసుకోవాలి. ఇప్పుడున్న పద్ధతి ఆ కష్టాన్ని ఊపిరి లేనివాడి నెత్తిన పెడుతోంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల వాదాలు నాకు కొత్త కావు. మొదటిది, ఇది గుహలవాళ్ల వేషం, మనకెందుకు అన్నది. రెండు మీటర్ల గొట్టం మనకి అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఒక సిలిండర్‌తో మునిగేవాళ్లకి ఒకటిన్నర మీటర్ల గొట్టం కుడిచంక కిందుగా, ఛాతీ మీదుగా, మెడ వెనకనుంచి వచ్చి నోటికి చేరితే చాలు. అదీ ఎక్కువనుకుంటే మీటరు గొట్టాన్ని చంక కిందనుంచి తెచ్చి, నోటి దగ్గర తిరిగే కీలు బిగిస్తే సరిపోతుంది. నీళ్లలో ఏ వంపూ రెక్కలా బయటికి పొడుచుకురాదు. ఎదురెదురుగా నిలబడి 70 సెంటీమీటర్ల గొట్టాన్ని పంచుకునేటప్పుడు తలలు గుద్దుకునే బాధ కూడా పోతుంది.

రెండో వాదం కాస్త గట్టిది. కొత్తగా నేర్చుకున్నవాడు ఆపదలో తన నోట్లోది తీసి ఇవ్వగలడా? వాడే భయపడిపోతే? ఈ మాట అనేవాళ్లు తమ మొదటి రోజు పాఠం మర్చిపోయారు. కొలనులో మొట్టమొదట చేయించేదే నోట్లోంచి రెగ్యులేటర్ తీసి, సన్నగా బుడగలు వదులుతూ, మళ్లీ పెట్టుకోవడం. ఆ తర్వాత దాన్ని వెనక్కి విసిరేసి, చెయ్యి గుండ్రంగా తిప్పి వెతికి పట్టుకోవడం. వెనక ఎక్కడో పడేసినదాన్ని వెతుక్కోగలిగిన విద్యార్థి గడ్డం కింద వేలాడేదాన్ని అందుకోలేడా? పైగా ఇదే దుకాణాలు ఇంకో సామాను అమ్ముతాయి. స్కూబాప్రో వారి ఎయిర్ టు లాంటిది: నీళ్లలో తేలడాన్ని సర్దుకునే బీసీడీ చొక్కాలో గాలి నింపే గొట్టం (ఇన్‌ఫ్లేటర్) చివరే రెండో సెకండ్ స్టేజ్ కలిసి ఉంటుంది. దాంతో మునిగేవాడు ఆపదలో ఏం చెయ్యాలి? తన నోట్లోది అవతలివాడికి ఇచ్చేసి, తాను ఇన్‌ఫ్లేటర్ నుంచి పీల్చాలి. అంటే నోట్లోది ఇవ్వడం! అదైతే కొత్తవాళ్లకి తేలిక, ఇదైతే ప్రమాదం అట. పైగా ఆ ఇన్‌ఫ్లేటర్‌తో ఇంకో చిక్కు. పైకి వస్తున్నకొద్దీ బీసీడీలో గాలి ఉబ్బుతుంది, వదులుతూ ఉండాలి. వదలాలంటే గొట్టం పైకెత్తాలి. ఎత్తాల్సిన ఆ గొట్టమే నోట్లో ఉంది. వేరే వాల్వు తాడు లాగి సర్దుకోవచ్చుగాని, ఒక గొట్టం తగ్గించుకుందామని ఒక చేతికి రెండు పనులు పెట్టడం నాకు నచ్చదు.

మూడోది, భయపడ్డవాడు నాది తీసుకుని తిరిగి ఇవ్వకపోతే అన్నది. ఇవ్వక్కర్లేదు. తిరిగి అడిగే అవసరం లేకుండా చెయ్యడమే ఈ అమరిక ఉద్దేశం.

ఇంకోటి ఉంది, పైకి గట్టిగా అనరు: ఎంగిలి. కోవిడ్ కాలంలో ఇది కొంత బలపడింది, అభ్యాసాల్లో నోటిముక్కలు మార్చుకోవడం చాలాచోట్ల మానేశారు. అభ్యాసానికి రోగకారకాలని చంపే ద్రావణాలున్నాయి. నిజంగా ఊపిరి ఆగినవాడు ఎంగిలి పట్టింపులతో రాడు.

గొట్టాల గొడవ ఎంత తేల్చుకున్నా, ఇవ్వడానికి గాలి ఉండాలి కదా. ఇక్కడ కూడా చలామణిలో ఉన్న ఒక సూత్రాన్ని ప్రశ్నించక తప్పదు. 50 బార్ మిగిలి ఉండగా పైకి బయల్దేరితే చాలు అంటారు. మన పడవల మీద ఎక్కువగా ఉండే అల్యూమినియం సిలిండర్ నీటి పరిమాణం సుమారు 11 లీటర్లు, కాబట్టి 50 బార్ అంటే 550 లీటర్ల గాలి. ఆపదలో మనిషికి నిమిషానికి 30 లీటర్లు అనుకుందాం, ఇది ఉదారమైన లెక్కేమీ కాదు. ఇద్దరికి 60. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్, అక్కడ ఒకరినొకరు పట్టుకుని కుదుటపడడానికి ఒక్క నిమిషం పడితే 240 లీటర్లు అయిపోతాయి. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి 3 నిమిషాల 20 సెకన్లు. దారిలో సగటు ఒత్తిడి రెండున్నర బార్, కాబట్టి ఇంకో 500 లీటర్లు. మొత్తం 740. ఐదు మీటర్ల దగ్గర ఆగే మూడు నిమిషాలు ఇందులో కలపనేలేదు. ఉన్నది 550! అదే 18 మీటర్లయితే ఈ లెక్క 400 లీటర్లలోపు తేలుతుంది, 50 బార్ సరిపోతుంది. అంటే ఆ సూత్రం మొదటి మెట్టు డైవర్ల లోతుకి సరిపోయేది; 30 మీటర్లకి అనుమతి వచ్చాక కూడా దాన్నే పట్టుకుని వేలాడడం దోషం. 30 మీటర్ల దగ్గర నుంచి ఇద్దరు బతికి బయటపడాలంటే 70 బార్ దగ్గరే బయల్దేరాలి, ఆగడానికి కూడా కావాలంటే ఇంకా ముందే. ఈ లెక్క రాని చేతిలో ఏ గొట్టం ఉన్నా ఒకటే.

ఆ లెక్క వేసుకోవడం ఇష్టంలేనివాళ్ల కోసమే చేతిలో పట్టేంత బుల్లి సిలిండర్లు అమ్ముతారు. స్పేర్ ఎయిర్ వాటిలో పేరున్నది. పెద్ద రకంలో పట్టే గాలి సుమారు 85 లీటర్లు. దాన్ని 57 ఊపిర్లుగా చెబుతారు. అది ఉపరితలం దగ్గర లెక్క. 30 మీటర్ల దగ్గర దాన్ని నాలుగుతో భాగించాలి, పద్నాలుగు ఊపిర్లు. నిమిషానికి 30 లీటర్లు పీల్చేవాడికి ఆ లోతులో ముప్పావు నిమిషం కూడా రాదు. పది, పన్నెండు మీటర్ల నుంచి పైకి రావడానికి అది పనికొస్తుంది. కాని అలాంటి తక్కువ లోతునుంచి ఊపిరి వదులుతూ పైకి ఈదడం చాలా బళ్లలో విద్యార్థులకి నేర్పే విద్యే. బడ్డీ నమ్మకస్థుడు కాదు, నాకు సొంత భరోసా కావాలి అనుకునేవాళ్లకి నా జవాబు మూడు లీటర్ల ‘పోనీ’ అనే చిన్న విడి సిలిండర్, దానికి విడిగా ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్. 200 బార్ దగ్గర 600 లీటర్లు. 30 మీటర్ల నుంచి ఒక్క మనిషి కుదుటపడి, మెల్లగా లేచి, ఐదు మీటర్ల దగ్గర ఆగి కూడా రావడానికి సుమారు 500 లీటర్లు చాలు. ఫస్ట్ స్టేజ్ పొర్లిపోయిన సందర్భంలో కూడా కాపాడగలిగేది ఇదొక్కటే. బరువుంటుంది, విమానంలో మోయడం తలనొప్పి, నింపించుకోవడానికి వెతుక్కోవాలి. అయినా రెండో వనరు అని నిజాయితీగా పిలవగలిగింది ఇదే. ఆక్టోపస్ రెండో నోరు మాత్రమే, రెండో సిలిండర్ కాదు.

మన దగ్గరికి వద్దాం. మనవాళ్లలో చాలామంది నీటి అడుగు మొదటిసారి చూసేది అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గరో, విశాఖలో రుషికొండ దగ్గరో, ముర్డేశ్వర్ నుంచి పడవెక్కి నేత్రాని దగ్గరో. శిక్షణ లేకుండా, గురువు చెయ్యి వదలకుండా, 12 మీటర్ల లోపు చేసే ఆ సరదా డైవ్‌లకి ఈ చర్చ వర్తించదు. అక్కడ బాధ్యతంతా గురువుది, ఆక్టోపస్ ఎక్కడుందో అతడికి తెలుసు. సర్టిఫికెట్ తీసుకుని బడ్డీతో మునిగేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి అద్దె సెట్టులో దాదాపు ఎప్పుడూ పసుపు ఆక్టోపసే వస్తుంది. అయినా చెయ్యడానికి ఒకటుంది, ఖర్చు కూడా లేనిది. పసుపుదాని గొట్టమే పొడవైనది కాబట్టి దాన్నే నోట్లో పెట్టుకుని మునగండి. పొట్టి గొట్టమున్న రెండోదాన్ని, ఇంటినుంచి తెచ్చుకున్న సాగే తాడుతో నోటిముక్క దగ్గర ఉచ్చు వేసి, మెడలో వేసుకోండి. తాడు నోటిముక్కని బిగించి పట్టుకోవాలి గాని గట్టిగా లాగితే వదిలెయ్యాలి. రంగులు తారుమారైనా నష్టం లేదు, మీరు ఇచ్చేది పసుపుదే అవుతుంది. పడవ మీదే బడ్డీకి చూపించండి: నీకు గాలి అయిపోతే నా నోట్లోది నీది, చెయ్యి పెట్టి లాక్కో, నాకు ఇదుంది. ఒకసారి ఐదు మీటర్ల దగ్గర ఇద్దరూ చేసి చూడండి.

ముందు గైడ్‌తో మాట్లాడాలి, అతడి సామాను కాబట్టి. కొందరు ఒప్పుకుంటారు. కొందరు మా పద్ధతి ఇది కాదంటారు, వాదించకండి. పడవ మీద అందరికీ తెలిసింది ఒకటే పద్ధతి అయినప్పుడు మీరొక్కరే వేరుగా ఉండడంలోనూ ప్రమాదం ఉంది. అలాంటప్పుడు కనీసం క్లిప్పు లాగి వస్తోందో లేదో పడవ మీదే చూడండి. నీళ్లలోకి దిగాక, కిందికి పోయే ముందు, ఆక్టోపస్ నోట్లో పెట్టుకుని నాలుగు ఊపిర్లు పీల్చండి. నీరు వచ్చినా, బరువుగా ఉన్నా, పైకి తిరిగొచ్చి వేరే సెట్టు అడగండి. సొంతానికి కొనుక్కునేవాళ్లకైతే, రెండు సెకండ్ స్టేజ్‌లూ ఒకే రకంవి తీసుకోమనే చెబుతాను. ఒకే విడిభాగాలు, ఒకేసారి సర్వీసు, ఒకే బిగువు. డబ్బు తక్కువైతే రెండూ మధ్యరకంవి కొనండి.